గరిటె బంతి

మూడు పాయల్లో నడిమిది చేతిలోంచి జారింది. పట్టాభి అప్పటిదాకా అల్లినదంతా విప్పేసి మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. సగం బాగున్నదాన్ని అలాగే ఉంచి ముందుకు పోవడం ఆయనకు పుట్టుకతోనే రాలేదు. పీట మీద కూర్చున్న శేషారత్నం ఎడమచేత్తో దువ్వెన పట్టుకుని, కిటికీలోంచి ఎదుటి లేడీస్ హాస్టలు డాబా మీద ఆరేసిన బట్టలు చూస్తోంది. కుడిచేయి ఒళ్ళో ఉంది. పక్కింటివాళ్ళు కాసేపు చూస్తూండమని ఇచ్చి వెళ్ళిన వస్తువులా దాన్ని అక్కడ పెట్టుకుని కూర్చోవడం ఆమెకు అలవాటైపోయింది.

"గడప దాటనిదానికి ఇంత బిగువు జడెందుకండీ" అంది.

ఆయన నోట్లో రబ్బరు బ్యాండు ఉంది. దాన్ని తీసి జడ చివర బిగించి, కొసను వేళ్ళతో సవరించి, వెనక్కి జరిగి ఒక కన్ను మూసి చూశాడు. మంచం కోడు వంకరపోయిందేమోనని చూసే చూపు అది. జడ తిన్నగానే ఉంది.

పట్టాభిది లేతు పని. కర్రను మిషన్‌కు బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి గుండ్రంగా చెక్కడం. తెనాలి వైపు వాళ్ళ తాతలు దీన్నే తరిమెన పట్టడం అనేవారు. ఆయన పనిచేసే ఎల్బీనగర్‌లో అందరూ లేతు అంటారు, ఆయనా అదే అంటాడు. మంచం కోళ్ళు, ఊయల స్తంభాలు, మెట్ల పక్క కటకటాలు, అప్పడాల కర్రలు, ఈమధ్య అపార్టుమెంట్ల వాళ్ళు చేయించుకునే పూజామందిరాల కాళ్ళు, ఏది గుండ్రంగా కావాలన్నా ఆయనే. అరవై దాటిన సన్నటి మనిషి. మిషన్ మీదకు వంగీ వంగీ భుజాలు ముందుకే ఉండిపోయాయి. తలంటుకుని వచ్చినా కనుబొమ్మల్లో రంపపు పొట్టు మిగిలే ఉంటుంది. కుడి బొటనవేలిది మరీ విచిత్రం. ఉప్పుకాగితం మడిచి ఆ వేలితో అదిమి, తిరుగుతున్న కర్రను నున్న చేయడం ఇన్నేళ్ళుగా చేసీ చేసీ వేలి మీది గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ ఆయన్ని ఒప్పుకోదు. ఇంతకీ నువ్వున్నట్టా లేనట్టా పెద్దాయనా అని డీలరు నెలనెలా అదే హాస్యమాడతాడు, ఈయన నెలనెలా నవ్వుతాడు, ఆఖరికి ఇంకో మిషన్‌కు కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటాడు.

ఆయన చేసిన వస్తువు మీద కళ్ళు మూసుకుని చేయి వేస్తే ఎక్కడా ఏదీ తగలదు. ఆయనకున్న గర్వం అదొక్కటే. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న రెండు గదుల కిరాయి ఇంట్లో ఇంకో గర్వానికి చోటూ లేదు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇద్దరూ బాధపడాల్సినదంతా వయసులో ఉన్నప్పుడే పడేసి, ఆ తర్వాత మాట్లాడుకోవడం మానేశారు.

జడ అయ్యాక ఆయన కిటికీ గట్టు మీది బొమ్మ అందుకున్నాడు. అది చూసి శేషారత్నం మొహం తిప్పుకుంది.

జానెడు పిడి. పిడి మీద చిన్న గిన్నె. పిడి మెడకు కట్టిన నూలు తాడు, తాడు చివర నిమ్మకాయంత చెక్క బంతి. పిడి పట్టుకుని బంతిని ఎగరేయాలి, అది దిగేటప్పుడు గిన్నెలో పట్టాలి. ఆట మొత్తం అంతే. చూసిన మొదటిరోజే ఆమె దానికి గరిటె బంతి అని పేరు పెట్టింది. పక్కసందులో హాస్టలు మెస్సులో ఏళ్ళ తరబడి వంట చేసిన మనిషి, ఆమెకు ఏది చూసినా గరిటెలాగే ఉంటుంది మరి. దోసె పెనం మీంచి ఎగరేస్తే నేరుగా ఆడపిల్ల చేతిలోని కంచంలో పడాల్సిందే. కోచింగుకొచ్చిన పిల్లలు అది చూడటానికే క్యూలో వెనకవాళ్ళను ముందుకు పంపి తాము ఆగేవాళ్ళట. ఉగాది ముందు ఒక ఉదయం ఆ చేయే పిండి గిన్నెలో పడిపోయింది. పక్షవాతం. కాలు తొందరగానే తేరుకుంది. మాటకు అసలేమీ కాలేదు, పైగా పదును పెరిగింది. చేయి మాత్రం రాలేదు. పిడి అరచేతిలో పెడితే వేళ్ళు ముడుచుకుంటాయి, మణికట్టు కొద్దిగా ఆడుతుంది. కానీ తనంతట తానుగా అది దేనికోసమూ ముందుకు చాచుకోదు. ఇప్పుడు బోనాలు కూడా వచ్చేశాయి.

ఫిజియోథెరపీ క్లినిక్కులో అమల అని ఒక పిల్ల. మంచిది, ఓపికగలది. వాడకపోతే ఈ చేయొకటి ఉందన్న సంగతే మెదడు మరిచిపోతుందని, నెలలు గడిచేకొద్దీ గుర్తుచేయడం కష్టమని వివరంగా చెప్పింది. పిసకమని రబ్బరు బంతి ఇచ్చింది. శేషారత్నం రెండు రోజులు పిసికి, పూరీ అవదు చపాతీ అవదు, ఊరికే పిసకడమేమిటని మంచం కిందకు దొర్లించేసింది. అప్పుడు అమల, పోనీ అంకుల్, కన్నూ చెయ్యీ కలిసి చేసే ఆట ఏదైనా ఆంటీకి నచ్చేది చూడండి అంది. ఆ పిల్ల మాటవరసకు అని ఉంటుంది. పట్టాభి ఆర్డరు తీసుకున్నట్టు తీసుకున్నాడు.

అప్పట్నుంచి మొదలైంది ఈ గరిటెల గోల. మొదటిదానికి తుమ్మచెక్క బంతి పెట్టాడు. అది ఎగిరి వచ్చి ఆమె నుదుటిన తగిలి బొప్పి కట్టింది. రెండు రోజులు ఆయనకు చారు మాత్రమే పోసింది. తర్వాతిదానికి మరీ తేలిక బంతి. అది పైకి పోతుందో కిందకి వస్తుందో చేతికి తెలియలేదు. ఒకసారి పిడి సన్నమై జారింది. లావు చేస్తే వేళ్ళు చుట్టూ రాలేదు. ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు నూలు దారంతో అరచేతి చుట్టుకొలత తీసుకుని, దాని ప్రకారం పిడిని నడుమ కాస్త ఉబ్బుగా చేశాడు. తాడు పొడవు తగ్గించుకుంటూ వచ్చాడు. బలహీనమైన చేయి పెద్ద ఊపు ఊపలేదు కనుక బంతి కొంచెమే ఎగరాలి, కొంచెమే దిగాలి. గిన్నె వెడల్పు పెంచాడు. ఇన్ని చేసినా ఒక్కటి కుదరలేదు. బంతి గిన్నెలో పడుతుంది, నిలవదు.

"ఒక్కసారి" అన్నాడు పట్టాభి, పిడిని ఆమె కుడి అరచేతిలో పెడుతూ.

ఆమె పెదవి బిగించింది. మణికట్టు అదిరింది. బంతి లేచింది, వంపు తిరిగింది, గిన్నెలో పడింది. టక్కుమని మోగి బయటికి దూకింది. మళ్ళీ లేపింది. మళ్ళీ టక్కుమంది, మళ్ళీ దూకింది. ఆయన గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. తనే పట్టి చూపించాలని ఎన్నోసార్లు అనిపించింది కానీ, బాగున్న చేత్తో ఆమె ముందు ఆడటం మనసొప్పక ఇంట్లో ఎన్నడూ ఆ బొమ్మను ముట్టి ఆడలేదు.

శేషారత్నం బొమ్మను ఎడమచేత్తో తీసి మంచం మీద పెట్టింది.

"ఇవాళ ఇంకోటి చేసుకొస్తారు, నాకు తెలుసు. తీసుకురండి. అదే ఆఖరిది. అదీ నిలవకపోతే ఈ గరిటెలూ వద్దు, ఆ క్లినిక్కూ వద్దు. ఈ చేయి ఇంతేననుకుని బతుకుతాను. మీరూ అనుకోండి."

అరిచి చెప్పలేదు, ఏడ్చి చెప్పలేదు. ఉప్పు అయిపోయింది తెండి అన్నట్టు చెప్పింది. పట్టాభికి భయం వేసింది అందుకే. శేషారత్నం అరిచిన మాటలు సాయంత్రానికి మరిచిపోతుంది. మెల్లగా చెప్పినవి మార్చుకున్నట్టు ఆయన ఎరగడు.

టిఫిను సంచీలో చద్దన్నం, మాగాయ పెట్టుకుని బయటపడ్డాడు. సందు మొదట్లో కోచింగు సెంటరు పిల్లలు ఇడ్లీ బండి చుట్టూ మూగి ఉన్నారు. మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ల నీడలో బస్సు కోసం నిలబడ్డాడు. ఎదమీద ఎవరో అరచేత్తో అదిమినట్టుంది. నిన్నటి శనగపిండి కూర అనుకుని, రెండుసార్లు తేన్చడానికి ప్రయత్నించాడు. రాలేదు. బస్సులో సీటు దొరికింది. ఎల్బీనగర్ చౌరస్తాలో దిగి, చంపాపేట్ రోడ్డులో టింబర్ డిపోల వెనక ఉన్న రేకుల షెడ్డు దాకా నడిచేసరికి చొక్కా తడిసిపోయింది.

షెడ్డు సైదులుది. నల్గొండ దగ్గర పల్లె నుంచి కర్రలు మోయడానికి వచ్చి, పట్టాభి దగ్గరే ఉలి పట్టడం నేర్చుకుని, ఆయనకంటే తెలివిగా రెండు మిషన్లు కొనుక్కుని యజమాని అయ్యాడు. యజమాని అయ్యాక కూడా పట్టాభి కూర్చుంటే గానీ తాను కూర్చోడు. ఎవరైనా ఆర్డరు ఇవ్వడానికొస్తే ముందు పట్టాభి చేసిన కోడొకటి వాళ్ళ చేతికిచ్చి, కండ్లు మూసుకుని రాసి సూడుండ్రి సార్ అంటాడు. ఏదైనా తగిలితే ఆర్డరు ఉచితంగా చేసిస్తాననేది అతని పందెం. అతను ఎన్నడూ ఓడిపోలేదు.

"ఏందన్నా, గిన్ని చెమటలు? దవాఖానకు పోదామా?" అన్నాడు సైదులు చూడగానే.

గ్యాసు పట్టిందన్నాడు పట్టాభి. సైదులు సోడా తెప్పించాడు. తాగాక తేన్పు వచ్చింది, ఎదలో బరువు కాస్త దిగినట్టే అనిపించింది. ఇక దాని మాట ఇద్దరూ మరిచిపోయారు. అల్మాస్‌గూడలో గృహప్రవేశం ఉంది, పూజామందిరం కాళ్ళు మధ్యాహ్నానికి ఇవ్వాలి.

మిషన్ తిరిగింది. పట్టాభి ఉలి ఆనించాడు. టేకు పొరలు రిబ్బన్లలా లేచి ఆయన ముంజేతి మీంచి కిందకు జారాయి. ఈ పనిలో ఆయనకు ఆలోచన అక్కర్లేదు. గీత, పల్లం, కంకణం, మళ్ళీ గీత. చివర ఉప్పుకాగితం మడిచి బొటనవేలు అదిమాడు. ముందు ముతకది, తర్వాత సన్నది, ఆ తర్వాత అసలు గరుకే లేనంత సన్నది. ఆపైన లక్క పాలిషు గుడ్డ. నాలుగు కాళ్ళూ వరసగా నిలబెడితే షెడ్డు కప్పులోని రంధ్రాల వెలుగు వాటి మీద మెరిసింది. సైదులు వాటిని పాత చీరలో చుట్టి, ట్రాలీలో పెట్టించి, అల్మాస్‌గూడ బయల్దేరుతూ అన్నం తినమని రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

అన్నం సంగతి తర్వాత అనుకుని పట్టాభి టేకు తునకొకటి మిషన్‌కు బిగించాడు. ఇది ఆఖరిది. ఉబ్బు పిడి తీశాడు. గిన్నె లోపల వంపు ఉలితో తొలిచాడు. మిషన్ ఆపి, గిన్నెను ఇంకా నున్న చేయకుండానే తాడు కట్టి బంతి ఎగరేసి చూసుకోవడం ఆయన పద్ధతి, వెడల్పూ లోతూ సరిపోయాయో లేదో తెలియాలి కదా. ఎగరేశాడు. నిలిచింది. మళ్ళీ ఎగరేశాడు. మళ్ళీ నిలిచింది. ప్రతిసారీ ఇంతే. షెడ్డులో చేసిన ప్రతి గరిటె బంతీ ఆయన చేతిలో బుద్ధిగా నిలిచింది. ఇంటికి వెళ్ళాకే దూకింది. దాన్నుంచి ఆయన ఏమనుకోవాలి? ఆమె చేతిలోనే లోపం ఉందనుకున్నాడు. పైకి అనలేదు కానీ అనుకున్నాడు.

తాడు విప్పి, మళ్ళీ మిషన్‌కు బిగించి, ఉప్పుకాగితం పట్టాడు. పిడి, మెడ, గిన్నె అంచు, గిన్నె లోపల. పాలిషు వేశాడు. అద్దంలా వచ్చింది. ఎప్పుడూ అయితే అక్కడితో సంచీలో పెట్టుకునేవాడు. ఇవాళ ఆఖరిదన్న మాట చెవిలో ఉంది. అందుకని తాడు కట్టి ఇంకోసారి ఎగరేశాడు.

టక్కుమని మోగి బయటికి దూకింది.

పట్టాభి గిన్నె వంక చూశాడు. మళ్ళీ ఎగరేశాడు. దూకింది. చేయి మార్చాడు, నిలబడి చూశాడు, కూర్చుని చూశాడు. ఒకటి నిలిస్తే నాలుగు దూకాయి. ఆయన చేతికి పక్షవాతం లేదు. పొట్టు కుప్పలోంచి, నాలుగు రోజుల కిందట అంచు పగిలిందని పారేసిన గిన్నె ఒకటి వెతికి తీశాడు. నున్న చేయకముందే పగిలిన గిన్నె అది. బంతిని చేత్తోనే ఎగరేసి అందులో పట్టాడు. బంతి పడి, ఉలి గీతల మీద ఒక్క క్షణం కొట్టుకుని, ఆగిపోయింది. పక్కనే మెరిసే గిన్నెలో వేశాడు. దూకింది.

అలా స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఇన్ని నెలలుగా రోజూ ఉదయం ఆ బంతిని ఆమె గిన్నెలోకి తీసుకొస్తూనే ఉంది. గరుకుగా ఉన్నంతసేపూ నిలిచేదాన్ని, నిలవకుండా నున్న చేసి మరీ ఆమె చేతికి ఇచ్చింది తను. నలభై ఏళ్ళుగా ఏ పని చూసి జనం భేష్ అన్నారో ఆ పనితోనే భార్య చేయి చచ్చిపోయిందని ఆమెను నమ్మించాడు. పట్టాభికి ఏడుపొచ్చింది. కంట్లో పొట్టు పడిందని నెపం చెప్పడానికి కూడా ఎవరూ లేరు, ఏడ్చాడు.

తర్వాత ఫోన్ చేశాడు. ఆమె ఎడమచేత్తో తీసి స్పీకరు నొక్కేసరికి ఎప్పుడూ కొంచెం ఆలస్యమవుతుంది.

"రత్నం, ఆ బంతి నిలవకపోవడం నీ చేతి వల్ల కాదే. నా చేతి వల్ల. లోపల నున్న చేస్తున్నాను, అందుకని దూకుతోంది. నా చేతిలోనూ దూకింది."

అవతల హాస్టలు డాబా మీద ఎవరో పిల్ల నవ్వడం వినిపించింది.

"ఈసారి దానికి లోపల ఉప్పుకాగితం వేయను. గరుకుగా వదిలేస్తాను."

"మీరా?" అంది శేషారత్నం. "గరుకుగానా?" నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులోంచి వచ్చిన నవ్వు. "చేతకాదు మీకు. చూస్తాగా. వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్టు తెండి. పెందలాడే రండి."

చేతకాదన్న మాట నిజమే. అది ఆయనకూ తెలుసు. అందుకే మిషన్ వేయకముందు అరలో ఉన్న ఉప్పుకాగితాలన్నీ, ముతకవీ సన్నవీ, ఒక చుట్టగా చుట్టి, షెడ్డు ముందు టీ కొట్టు అండాలమ్మ దగ్గరకు తీసుకెళ్ళాడు.

"గివి నాకెందుకయ్యా? గిన్నెలు తోముదామంటే గీసుకపోతయ్" అందామె.

"సాయంత్రం దాకా నీ దగ్గర పెట్టు. నేనొచ్చి అడిగినా ఇవ్వకు."

అండాలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, చుట్టను పంచదార డబ్బా వెనక దోపింది.

కొత్త తునక బిగించాడు. ఈసారి గిన్నెను తొలుస్తుంటే ఉలి కొస చేసే ప్రతి గీతా ఆయన కంటికి కనిపించింది. లోపల ఒకదాని పక్కన ఒకటి, కుండ లోపలి భాగంలో ఉన్నట్టు, సన్నటి వలయాలు. వాటిని చూస్తుంటే నలుగురిలో గుండీలు పెట్టుకోకుండా నిలబడ్డట్టుంది. పిడి చెక్కి, అంచు తీసి మిషన్ ఆపబోయేసరికి కుడిచేయి ఆయన్ని అడక్కుండానే అరలోకి వెళ్ళింది. అర ఖాళీగా ఉంది. చెప్పులేసుకుని టీ కొట్టు దాకా వెళ్ళాడు. పిడికి మటుకు, పైపైన, ఒక్క సన్న కాగితం చాలన్నాడు.

"నువ్వే ఇయ్యొద్దంటివి. ఇయ్య" అంది అండాలమ్మ. అని, టీ ఇచ్చింది.

టీ తాగుతుంటే చినుకులు మొదలయ్యాయి. షెడ్డులోకి వచ్చి బంతి కట్టాడు. ముడి నీటుగా లోపలికి దాగేలా బిగించాడు. ఎగరేశాడు. నిలిచింది. ఎన్నిసార్లు వేసినా నిలిచింది. ఇక ఏమీ చేయాల్సింది లేదు. ఏమీ చేయకుండా ఒక వస్తువును పూర్తయిందనుకోవడం ఆయన జీవితంలో ఇదే మొదలు. కాస్త సిగ్గుగా, కాస్త సంతోషంగా కూడా ఉంది.

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. తగ్గాక పోదామని గోడవార పొట్టు బస్తాల మీద చేరగిలబడ్డాడు. ఎదలో పొద్దుటి బరువు మళ్ళీ వచ్చి కూర్చుంది. అన్నం తినలేదు కదా, అందుకే అనుకున్నాడు. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని, గీతలు లేని బొటనవేలితో గిన్నె లోపల నిమిరాడు. వలయాలన్నీ వేలికి తగిలాయి. పెరుగు ప్యాకెట్టు మరిచిపోకూడదనుకున్నాడు. ఆమె మణికట్టు అదరడం, బంతి లేవడం, దిగడం, ఆగడం కళ్ళకు కట్టాయి. ఆమె ఏమంటుందో కూడా ఊహించుకోబోయాడు కానీ శేషారత్నం ఏమంటుందో ఊహించడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు.

సైదులు అల్మాస్‌గూడ నుంచి తడిసి ముద్దయి వచ్చాడు. బస్తాల మీద ఒరిగిన మనిషిని చూసి, కర్రలు దించుతున్న కూలీలతో జర సప్పుడు చేయకుండ్రి, అన్న పన్నడు అన్నాడు. మిషన్ వేయకుండా బయట నిలబడే బీడీ తాగాడు. వాన తగ్గింది. దీపాలు పెట్టే వేళయినా లేవకపోతే, వదిన ఎదురుచూస్తదని దగ్గరకు వెళ్ళి భుజం మీద చేయి వేశాడు. అప్పుడు తెలిసింది.

*

కర్మకాండలయ్యాయి. తెనాలి నుంచి శేషారత్నం చెల్లెలు కోటేశ్వరమ్మ వచ్చి ఉంది. అక్కను ఒంటరిగా వదలనంటోంది. ఒంటి చేత్తో ఇక్కడ ఏం వండుకుంటావు, ఎట్లా నీళ్ళు పట్టుకుంటావు అని రోజూ ఒకటే పోరు. రేపటి రైలుకు ఇద్దరికీ టిక్కెట్లు కూడా తీసింది. శేషారత్నం సరేననలేదు, కాదనలేదు. ఆమె జడ ఇప్పుడు చెల్లెలు వేస్తోంది. వదులుగా వేస్తోంది.

ఆ సాయంత్రం సైదులు వచ్చాడు. చేతిలో పట్టాభి టిఫిను సంచీ ఉంది. ఇన్ని రోజులూ దాన్ని తన దగ్గరే ఉంచుకున్నందుకు మొహం చెల్లనట్టు గుమ్మంలోనే కూర్చున్నాడు. శేషారత్నం లోపల్నుంచి ఎడమచేత్తో టీ గ్లాసు తెచ్చింది. ఈలోగా అతను సంచీలోంచి గరిటె బంతిని తీశాడు.

అన్న ఒళ్ళో దొరికిందన్నాడు. పని పూర్తి చేయకుండానే పాణం పోయిందన్నాడు. లోపల మొత్తం ఉలి గీతలే ఉన్నాయని, ఇలాగే తెచ్చి వదిన చేతిలో పెట్టడానికి ఇన్ని దినాలు మనసొప్పలేదని చెప్పాడు. చెబుతూనే జేబులోంచి ఉప్పుకాగితాల చుట్ట తీశాడు. అండాలమ్మ దాచి ఇచ్చిందట, అన్నవే.

"అన్న చేసిన దాంట్ల గరుకున్నదంటే అన్న పేరు పోతది వదినా. అన్న కాయితంతోనే చేస్త. ఒక్క నిమిషం."

అలా అని సన్న కాగితం మడిచాడు. పట్టాభి నేర్పినట్టే, బొటనవేలి మీద అదిమాడు. ఆ వేలిని గిన్నెలోకి దించాడు.

శేషారత్నం ఎడమచేతిలో వేడి గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టడానికి ఆమెకు తోచలేదు. ఒళ్ళు ముందుకు వంగింది, చేయి చాచుకుని వెళ్ళింది, వేళ్ళు పిడి చుట్టూ బిగుసుకున్నాయి, బొమ్మ సైదులు చేతిలోంచి ఊడివచ్చి ఆమె గుండెలకు ఆనింది. తాడు చివర బంతి అటూ ఇటూ ఊగింది. గ్లాసులో టీ తొణకలేదు.

"వద్దు సైదులూ. అది పూర్తయింది. ఆయన పూర్తి చేసే పోయారు."

సైదులు కాగితం పట్టుకుని అలాగే చూస్తున్నాడు. ఫోన్లో విన్న మాటలు ఆమె అతనికి చెప్పబోయింది. ఆ రోజు నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. వెనక నిలబడ్డ కోటేశ్వరమ్మ, అక్కా అని, మళ్ళీ మెల్లగా, అక్కా, నీ కుడిచెయ్యి, అంది. శేషారత్నం వంగి చూసుకుంది. ఆ చేయి ఎవరూ దాచమని ఇచ్చింది కాదు, తనదే. పిడి నడిమి ఉబ్బు సరిగ్గా అరచేతిలో కూర్చుంది.

తెనాలి టిక్కెట్లలో ఒకటి వృథా అయింది. అమల దగ్గరకు మళ్ళీ వెళ్తోంది, ఆటో పిలుచుకుని, తనే. పొద్దున్నే పీట మీద కూర్చుని జడకు బదులు ముడి వేసుకుంటోంది, వంకరగా. కిటికీ గట్టు మీద గరిటె బంతి ఉంటుంది. గిన్నెలో బంతి, బంతి కింద ఆయన తెలిసి తెలిసి వదిలిపెట్టిన గరుకు.